డచెస్ నాలుగో సీటు

అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున ఐవర్ హెప్‌వర్త్ షెడ్డు తలుపు తోసుకుని వచ్చేసరికి, అతను మూడు వారాలపాటు మూడు పూతల వార్నిష్ వేసి ఆరబెట్టి బిగించిన నేల పలకలు ఐదూ గోడకి చేరగిలబడి ఉన్నాయి. నడిమి పలక మీద గ్రీజుతో ఒక బూటు ముద్ర. ఎంత స్పష్టంగా పడిందంటే సైజు నంబరు కూడా చదువుకోవచ్చు. ఐదు.

పలకలు ఉండాల్సిన చోట, డచెస్ అనే పాత బస్సు డ్రైవరు క్యాబిన్‌లో, పెద్ద కన్నం. ఆ కన్నంలోంచి ఒక చెయ్యి పైకి లేచి గాలిలో దేన్నో తడుముకుంటోంది.

“ఆ పొడుగు పానా ఇలా అందించు,” అంది కింద నుంచి ఒక ఆడగొంతు.

ఐవర్ అందించాడు. అందించాక గాని తను కోపంగా ఉన్నానన్న సంగతి అతనికి గుర్తు రాలేదు.

“ఆ పలకలు ఎవరు తీశారు?”

“నేనే.”

“మూడు పూతలు వేశాను వాటికి.”

“చూశాను. బాగా వేశావు. క్లచ్ కడ్డీ ఆ పలకల కిందే ఉంది మరి. పైనుంచి మంత్రం వేస్తే బాగవుతుందా?”

కన్నంలోంచి ఒక మొహం పైకి వచ్చింది. ముక్కు మీద మసి, నుదుటి మీద ఇంకాస్త మసి. ఆ రెండింటి మధ్య ఉన్న కళ్ళు మాత్రం మహా శుభ్రంగా, మహా సరదాగా ఉన్నాయి. ఐవర్ అనాలనుకున్న మాటలు నాలుగున్నాయి. వాటికి బదులు జేబులోంచి గుడ్డ తీసి ఆమెకి అందించాడు.

ఆ అమ్మాయి పేరు బ్రయోనీ గాంట్. క్రాగ్‌డెన్ ఊరి బస్సు డిపోలో మెకానిక్. డచెస్ ఇంజను రెండేళ్ళుగా ఉలకక పలకక కూచుంటే, షెడ్డు పెద్ద ఆర్నల్డ్ వెళ్ళి బతిమాలి ఆమెను తీసుకొచ్చాడు. ఆర్నల్డ్ ఒకప్పుడు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసినవాడు. రిటైరై పదిహేనేళ్ళయినా ఎదుటి మనిషి జేబు వంక అనుమానంగా చూసే అలవాటు పోలేదు. షెడ్డులో ఎవరు పోట్లాడుకున్నా ఆయన ఇచ్చే తీర్పు ఒక్కటే: ముందు టీ పెట్టండి.

ఆ రోజు కూడా టీయే పెట్టించాడు. బ్రయోనీ తన కప్పుని తీసుకెళ్ళి ఐవర్ పలక మీదే పెట్టింది. గుండ్రటి మరక పడింది.

డచెస్ గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. అది 1949లో తయారైన కోచ్ బస్సు. ఆ కాలపు కోచ్‌లలో డ్రైవరుది ఒంటరి కాపురం. ముందు కుడిపక్కన అతనొక్కడికే చాలే క్యాబిన్, దాని పక్కనే ఇంజను, వెనక జనం. మధ్యలో ఒక అద్దం తప్ప ఇటునుంచి అటు దారి లేదు. క్యాబిన్ ఎక్కాలంటే బయట నుంచి, చక్రం పక్కనున్న మెట్టు మీద కాలు పెట్టి, గుర్రం ఎక్కినట్టు ఎక్కాలి. సర్వీసు అయిపోయాక ఈ డచెస్ ఎన్ని చేతులు మారిందో తెలియదు. చివరికి ఎవరో రైతు పొలంలో ముప్పై ఏళ్ళు కోళ్ళ గూడుగా బతికింది. పాత బస్సులు బాగుచేసే ఆర్నల్డ్ బృందం దాన్ని తెచ్చి షెడ్డులో పెట్టాక మొదటి నెలంతా పెంట ఎత్తడంతోనే సరిపోయింది.

ఐవర్ వడ్రంగి. వారంలో ఐదు రోజులు జనం ఇళ్ళలో వంటగది అలమరలు బిగిస్తాడు. ఆదివారాలు డచెస్ క్యాబిన్‌కి. అతనికి ఒక సిద్ధాంతం ఉంది. బండి ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉండాలి. ఒక్క మర తేడా రాకూడదు. అందుకే విప్పిన ప్రతి పాత మరనీ జామ్ సీసాల్లో దాచి చీటీలు అంటించాడు. ‘క్యాబిన్ తలుపు, పై బందు, ఎడమ.’ ‘క్యాబిన్ తలుపు, పై బందు, కుడి.’ అలా అరవై సీసాలు. ఈ విషయంలో తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

బ్రయోనీది ఇంకో తోవ. బండి అంటే రోడ్డు మీద తిరగాలి, తిరిగినది క్షేమంగా ఆగాలి. ఆమె డీజిల్‌కి కొత్త రకం వడపోత పెట్టింది. ఐవర్ రెండు ఆదివారాలు మాట్లాడలేదు. పక్కకి తిరిగేటప్పుడు వెలిగే దీపాలు పెడతానంది. 1949లో అలాంటివి లేవని ఐవర్ అన్నాడు. 1949లో వెనకొచ్చేవాడు ఫోను చూసుకుంటూ కారు నడిపేవాడు కాదని ఆమె అంది. ఆర్నల్డ్ టీ పెట్టమన్నాడు.

నవంబరు మూడో వారం ఐవర్ వచ్చి చూస్తే సీసాల వరసలో అరవై ఒకటోది కనిపించింది. ఖాళీ సీసా. దాని మీద బ్రయోనీ చేతిరాతతో చీటీ: ‘ఐవర్ నవ్వు. దొరికినవారు ఇందులో వేయగలరు.’

అతను నవ్వలేదు. అటు తిరిగి, ఎవరూ చూడకుండా నవ్వాడు. కాని కోచ్‌కి తిరగేసి బిగించిన పక్క అద్దం ఒకటి ఉందని మరిచిపోయాడు.

“చూశాను,” అంది బ్రయోనీ బోనెట్ లోంచి.

ఆ తరవాత పని చకచకా సాగింది. వాన కురిసిన సాయంత్రాలు ఇద్దరూ ఒకే టార్పాలిన్ కప్పుకుని బస్టాపు దాకా నడిచేవారు. టార్పాలిన్ పెద్దదే, నలుగురికి సరిపోతుంది. అయినా వాళ్ళిద్దరూ దాని నడిమధ్యనే నడిచేవారు. దారి పొడుగునా క్లచ్ గురించీ, కీళ్ళు అతికే బంక గురించీ మాటలు. ప్రేమలో పడుతున్న మనుషులు ఇంత చప్పటి కబుర్లు ఎలా చెప్పుకుంటారో అని మనకి అనిపిస్తుంది గాని, పడేవాళ్ళకి అవి చప్పగా ఉండవు.

డిసెంబరులో ఇంజను పలికింది. ముందు దగ్గింది, తరవాత షెడ్డు నిండా నల్లటి పొగ చిమ్మింది, ఆ తరవాత నిదానంగా, బరువుగా ఆడడం మొదలుపెట్టింది. బ్రయోనీ రెండు చేతులూ చాపి బోనెట్‌ని కౌగిలించుకుని ముద్దు పెట్టుకుంది. ఒక ఇనప రేకు మీద అసూయ పడడం ఐవర్‌కి అదే మొదటిసారి.

ఆ రోజే చెప్పేద్దామనుకున్నాడు. క్యాబిన్ పూర్తయ్యాక చెబుదాంలే అని వాయిదా వేశాడు. సగం పని చేసి మాట్లాడడం అతనికి అలవాటు లేదు.

ఫిబ్రవరిలో నంబరు ప్లేటు బిగించారు. బ్రయోనీ ముచ్చటపడి ఫోటో తీసుకుని ఇంటికెళ్ళింది. మరుసటి ఆదివారం ఆమె షెడ్డులోకి నడిచి రాలేదు, పరిగెత్తుకుని వచ్చింది. వచ్చీ రాగానే ఐవర్ మెడ చుట్టూ చేతులు వేసేసింది. అతని చేతిలో చిత్రిక ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

“ఇది మా తాత బండి,” అంది ఆయాసపడుతూ. “మా తాత నడిపిన బండి, ఐవర్. నాన్నమ్మ నంబరు చూడగానే పట్టేసింది. మూడు సార్లు చదివించుకుంది నాచేత.”

ఆమె తాత వాల్టర్ గాంట్ ఎనిమిదేళ్ళు డచెస్‌ని నడిపాడట. ఉన్నిమిల్లు కూలీలను వేసవిలో బ్రిడ్లింగ్టన్ సముద్రం ఒడ్డుకి తిప్పిన బండి ఇదేనట. నాన్నమ్మ ఎల్సీ అలాంటి ఒక ప్రయాణంలోనే ఆయన కంట పడిందట. ఆయన పోయి పదిహేడేళ్ళు. ఇప్పుడు ఆమెకు ఎనభై ఏడు.

బ్రయోనీ చెబుతూనే ఉంది. తాతకి ఏ రోజు సంగతి ఆ రోజు క్యాబిన్‌లో సీటు వెనక చెక్క మీద పెన్సిలుతో రాసుకునే అలవాటు ఉండేదట. ఎల్సీని మొదట చూసిన రోజు సంగతి కూడా రాశాడట. ఏం రాశావని అడిగితే, ఎక్కి చదువుకో అని ఏడిపించేవాడట. ఆ కాలపు స్కర్టు కట్టుకుని చక్రం మీదుగా క్యాబిన్ ఎక్కడం ఆడదాని తరమా? రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటుండగానే కంపెనీ బండిని అమ్మేసింది.

“అరవై ఏళ్ళుగా ఆ రాత చదవాలని ఉంది నాన్నమ్మకి. పాత చెక్క ఎక్కడ దాచావు? నువ్వు మరలే పారెయ్యవు, చెక్కని ఎందుకు పారేస్తావు.”

ఐవర్ షెడ్డు మూలనున్న పొయ్యి వైపు చూశాడు.

షెడ్డులో కట్టెపని చేసేవాళ్ళకి ఒక నియమం ఉంది. పురుగు తిన్న చెక్క దొరికితే ఆ పూటే పొయ్యిలో వేసెయ్యాలి. ఉంచితే ఆ పురుగు పక్క చెక్కలోకి, అక్కడినుంచి మొత్తం బండికి పాకుతుంది. క్యాబిన్ వెనక చెక్క ఆగస్టులోనే విప్పాడు. వేలితో నొక్కితే పొడి రాలేంత పుచ్చిపోయింది. దాని మీద పెన్సిలు రాతలున్నాయి, అతను చూశాడు. ఫోటో మాత్రం తియ్యలేదు. చెక్క కొలతలకీ, కీళ్ళకీ పదకొండు ఫోటోలు తీశాడు. రాతలు ఫ్యాక్టరీవి కావు కదా. తరవాత ఎవరో గీకినవి. అతని సిద్ధాంతం ప్రకారం అవి మరకల కింద లెక్క. చెక్కని మూడు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాడు. ఆ మంట మీదే టీ కాచారు. బాగుందని ఆర్నల్డ్ రెండో కప్పు కూడా అడిగాడు.

“చూస్తాను,” అన్నాడు ఐవర్. “వెతుకుతాను.”

జీవితంలో అతను చెప్పిన అబద్ధాల్లో అది చాలా చిన్నది, చాలా చెడ్డది.

మూడు వారాలు వెతుకుతున్నట్టు నటించాడు. బ్రయోనీ ప్రతి ఆదివారం నాన్నమ్మ అడుగుతోందని చెప్పేది. ఏప్రిల్ మొదటి ఆదివారం డచెస్ మొదటిసారి రోడ్డెక్కబోతోంది, ఆ రోజు ఎల్సీని కూడా ఎక్కించాలని అందరూ కలిసి తీర్మానించారు.

ఐవర్ చివరికి ఆర్నల్డ్‌తో చెప్పుకున్నాడు. పెద్దాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తరవాత గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. కొత్త చెక్క మీద మెత్తటి పెన్సిలుతో నాలుగు ముక్కలు గీకి, పైన టీ డికాక్షన్ పూసి ఆరబెడితే అరవై ఏళ్ళ రాత తయారు. ముసలమ్మ సంతోషిస్తుంది, పిల్ల సంతోషిస్తుంది, ఎవరికీ నష్టం లేదు.

“మీరు టికెట్లు తనిఖీ చేసేవారు కదా,” అన్నాడు ఐవర్. “ఎవడైనా అలాంటి టికెట్టు చూపిస్తే వదిలేసేవారా?”

“మెడ పట్టుకుని దింపేసేవాణ్ణి,” అని ఒప్పుకున్నాడు ఆర్నల్డ్. “సరే పో, టీ పెట్టు.”

ఐవర్ అలా అన్నాడే గాని, ఆ మధ్యాహ్నం పెన్సిలు పట్టుకుని క్యాబిన్‌లో కాసేపు కూచున్న మాట నిజం. చెయ్యి రాలేదు. తప్పు మర ఒక్కటి బిగించడానికి ఒప్పుకోనివాడు, తప్పు మనిషి చేతిరాత ఎలా బిగిస్తాడు? దిగి వచ్చి, బండి కింద పడుకుని గ్రీజు పెడుతున్న బ్రయోనీ బూట్ల దగ్గర చతికిలపడ్డాడు. ఆ బూట్లకే మొత్తం చెప్పాడు. ఆగస్టు, పురుగు, పొయ్యి, టీ. వెతుకుతానన్న అబద్ధం కూడా.

కింద ఆమె గ్రీజు డబ్బా మూత బిగించిన చప్పుడు. తరవాత ఆమె బయటికి జరిగి, లేచి కూచుని, చేతులు తుడుచుకుంది. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

“కాల్చినందుకు నేనేమీ అనను,” అంది. “పురుగు చెక్క, నీకు తెలీదు. కాని మూడు వారాలు నాతో టీ తాగావు. ఒకే టార్పాలిన్ కింద నడిచావు. నాన్నమ్మ అడుగుతోందని చెప్పిన ప్రతిసారీ తల ఊపావు.”

“భయమేసింది.”

“దేనికి?”

ఇదుగో ఇలా అవుతుందని, నువ్వు ఇలా చూస్తావని, అని చెప్పాల్సింది. చెప్పలేకపోయాడు.

“నాన్నమ్మకి నువ్వే చెప్పు,” అంది ఆమె లేస్తూ. “నాకు నోరు రాదు. అది చెప్పేదాకా నాతో మాట్లాడకు.”

ఆ తరవాతి ఆదివారాలు షెడ్డులో పానాల చప్పుడే గాని మాటల చప్పుడు లేదు. మాట్లాడాల్సి వస్తే ఇద్దరూ ఆర్నల్డ్‌తో మాట్లాడేవారు. ‘ఆ బల్బు అటు ఇమ్మను ఆర్నల్డ్’ అని ఈమె, ‘ఇచ్చానని చెప్పండి’ అని అతను, మధ్యలో పెద్దాయన తల అటూ ఇటూ తిప్పలేక మెడకి తైలం రాయించుకున్నాడు. పక్కకి తిరిగే దీపాలను ఐవర్ తనే తెచ్చి, తనే బిగించాడు. ఆమె చూసింది. ఏమీ అనలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎవరు మాత్రం ఏమంటారు?

ఏప్రిల్ మొదటి ఆదివారం పొద్దుటినుంచీ సన్నగా వాన. డచెస్ లేత పసుపు, ముదురు ఎరుపు రంగుల్లో షెడ్డు బయటికి వచ్చి నిలబడింది. షెడ్డు బృందం వాళ్ళు, వాళ్ళ భార్యలు, అందరూ కలిసి పదకొండు మంది ఎక్కారు. ఆర్నల్డ్ పాత టోపీ పెట్టుకుని తలుపు దగ్గర గంట తాడు పట్టుకున్నాడు.

ఎల్సీ గాంట్ చేతికర్రతో వచ్చింది. పిట్టంత మనిషి. డచెస్ మెట్టు దగ్గర ఆగి రేకుని అరచేత్తో ఒకసారి రాసింది. లోపలికి ఎక్కాక ఎవరూ చూపించకుండానే వెళ్ళి ఎడమవైపు నాలుగో సీటులో కిటికీ పక్కన కూచుంది. కూచుని, పక్క సీటు మీద చేత్తో తట్టింది.

“క్యాబిన్ చేసిన అబ్బాయి ఎవరు? ఇలా వచ్చి కూచో నాయనా.”

బ్రయోనీ అప్పటికే క్యాబిన్ ఎక్కేసింది. అద్దం అవతల ఆమె వెనకతల మాత్రం కనిపిస్తోంది. ఆర్నల్డ్ బయల్దేరమన్నట్టు గంట రెండుసార్లు కొట్టాడు. డచెస్ కదిలింది.

ఈ బండికి గేర్లు మార్చడం ఆషామాషీ కాదు. క్లచ్ రెండుసార్లు తొక్కి, ఇంజను చప్పుడు చెవితో విని, సరిగ్గా అదను చూసి వెయ్యాలి. రెప్పపాటు తేడా వస్తే లోపల గేరు పళ్ళు కొరుక్కుని ఊరంతా వినబడుతుంది. బ్రయోనీ ఊరు దాటేలోపల ఎనిమిదిసార్లు మార్చింది. వెన్నలో కత్తి దిగినట్టు దిగాయి. ప్రతిసారీ ఆర్నల్డ్ కళ్ళు మూసుకుని తల ఊపాడు.

కొండ దారి మొదలైంది. ఇంజను హోరులో పక్కసీటు మాట తప్ప ఇంకెవరి మాటా వినబడదు. ఎల్సీ ఐవర్ చెవి దగ్గరికి వంగింది.

“నేను ఎక్కలేను బాబూ. ఇరవై రెండేళ్ళప్పుడే ఎక్కలేకపోయాను. ఆయన రాసింది నువ్వు చదివి చెప్పు చాలు. మా పిల్ల చెప్పింది, ఏదైనా నిన్నే అడగాలట.”

ఐవర్ అద్దం వైపు చూశాడు. అవతల బ్రయోనీకి ఈ మాట ఒక్కటీ వినబడదు. ఇప్పుడు అతను ఏం చెబితే అదే రాత. చెక్క లేదు, ఫోటో లేదు, సాక్షి లేడు. ‘నా జీవితంలో ఇంత అందమైన అమ్మాయిని చూడలేదు’ అని చెప్పినా నమ్ముతుంది. సంతోషంగా దిగి ఇంటికెళ్తుంది. 

“మామ్మగారూ, ఆ చెక్క లేదు. నేనే కాల్చేశాను.”

మొదలుపెట్టాక ఆగలేదు. ఎందుకు కాల్చాడో, ఎలా కాల్చాడో, మనవరాలికి ఏం అబద్ధం చెప్పాడో, అన్నీ చెప్పాడు. ఎల్సీ కిటికీ వైపు తిరిగి వాన చూస్తూ వింది. ఆమె చెయ్యి చేతికర్ర మీద బిగుసుకుంది.

“కాల్చేముందు చదివావా?”

“చదవాలని చదవలేదు. మరలు విప్పుతుంటే కళ్ళ ముందు ఉంది. ఊళ్ళ పేర్లు, డీజిల్ ఎంత పోశారో. ఒక్కటే గుర్తుండిపోయింది, తక్కినవాటికంటే పొడుగ్గా ఉంది కాబట్టి. అది మీ గురించో కాదో తెలీక ఎవరికీ చెప్పలేదు.”

“చెప్పు. సొంతానికి ఒక్క ముక్క కూడా కలపకు.”

“బ్రిడ్లింగ్టన్. రోజంతా వాన. డీజిల్ పన్నెండు గ్యాలన్లు. నాలుగో సీటు అమ్మాయికి కోటు లేదు. నాది ఇచ్చాను.” ఐవర్ ఒక్కో ముక్కా మనసులో మళ్ళీ సరిచూసుకున్నాడు. “అంతే ఉంది మామ్మగారూ.”

ఎల్సీ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి.  నీళ్ళు కావాలా అని ఐవర్ అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది గాని చేతులు తియ్యలేదు.

డచెస్ ఉన్నట్టుండి నెమ్మదించి, కొండ మీద రోడ్డు వారగా ఆగింది. క్యాబిన్ తలుపు దబ్బున మూసుకున్న చప్పుడు. ఇంకో క్షణంలో బ్రయోనీ బండి చుట్టూ తిరిగి, తడిసిన జుట్టుతో లోపలికి వచ్చింది. ఇదంతా ఆమె తన తల పైనున్న చిన్న అద్దంలో చూసింది.

“ఏం చేశావు మా నాన్నమ్మని?”

“చెప్పాను,” అన్నాడు ఐవర్ లేచి నిలబడి. “మొత్తం చెప్పాను.”

ఎల్సీ చేతులు తీసింది. కళ్ళనిండా నీళ్ళే. కాని ఆమె నవ్వుతోంది. ఊపిరి ఆడనంతగా నవ్వుతోంది.

“నాకు కోటు ఉందే పిల్లా,” అంది మనవరాలితో. “కొత్త కోటు, ఆకుపచ్చది. డ్రైవరు బాగున్నాడని మడిచి సీటు కింద తోసేసి, చలికి వణికినట్టు కూచున్నాను. ఆయన దిగి వచ్చి, ఏమీ అడక్కుండా తన కోటు నా మీద వేసి వెళ్ళాడు.”

 ఇంజను ఒక్కటే నెమ్మదిగా ఆడుతోంది.

“పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను. సిగ్గేసింది. పోనీ వచ్చే ఏడు అనుకున్నాను. నలభై ఆరేళ్ళు కాపురం చేశాం. పాపం, ప్రతి చలికాలం ముందూ నాకో కోటు కొనుక్కొచ్చేవాడు, ఈమెకి కోటు లేదు అని. నేను తొడుక్కునేదాన్ని. చెప్పలేదు. ఆయన ఏం రాసుకున్నాడో తెలిస్తే, నా ఎత్తుగడ కనిపెట్టాడో లేదో తెలుస్తుందని ఇన్నాళ్ళూ ఆశపడ్డాను.” ఎల్సీ ముక్కు చీదుకుంది. “కనిపెట్టలేదు. అంత మంచివాడు.”

బ్రయోనీ నాన్నమ్మ ముందు మోకాళ్ళ మీద కూచుని ఆమె చేతులు పట్టుకుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలి కాసేపు నవ్వారు, కాసేపు ఏడ్చారు. ఆర్నల్డ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఈ అబ్బాయి ఏదైనా తియ్యగా అల్లి చెప్పి ఉంటే నమ్మేసేదాన్ని,” అంది ఎల్సీ. “నా మొగుడు నిజంగా ఏం రాశాడో తెలియకుండానే పోయేదాన్ని. చూడు నాయనా, నేను ఒక చిన్న నిజాన్ని వాయిదా వేసీ వేసీ, వినాల్సిన మనిషినే పోగొట్టుకున్నాను. నీ దగ్గర ఇంకా చెప్పాల్సిందేమైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్, బండి ఆగి ఉండగా.”

ఐవర్ చుట్టూ చూశాడు. బస్సులో ఉన్నవాళ్ళంతా అతన్నే చూస్తున్నారు. ఒకావిడ సంచీలోంచి తీసిన అల్లం కేకు నోటి దాకా తెచ్చి ఆపేసింది.

“ఉంది,” అన్నాడు. “బ్రయోనీతో.”

“అయితే నా మొహం చూస్తావేం? దానితో చెప్పు.”

అతను బ్రయోనీ వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. 

“నువ్వంటే నాకు ఇష్టం. డిసెంబరులోనే చెప్పాల్సింది, క్యాబిన్ పూర్తయ్యాక చెబుదామనుకున్నాను. నీతో అబద్ధం చెప్పినందుకు నాకు సిగ్గుగా ఉంది. ఆదివారాలే కాదు, మిగతా ఆరు రోజులు కూడా నిన్ను చూడాలని ఉంటుంది. చెప్పాల్సింది ఇంతే.”

బ్రయోనీ లేచి నిలబడింది. జుట్టులోంచి వాన నీళ్ళు ముక్కు మీదికి కారుతున్నాయి, తుడుచుకోలేదు.

“నాకు కోపం ఇంకా పూర్తిగా పోలేదు,” అంది.

“తెలుసు.”

“నువ్వన్నా ఇష్టమే. అది ఎప్పటినుంచో ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి, ఏం చెయ్యమంటావు?”

“ఉండనీ,” అన్నాడు ఐవర్. “రెండూ ఉండనీ.”

ఆమె అతని కాలరు పట్టుకుని లాగింది. ముద్దు పెట్టుకోవడానికి అనుకుని అందరూ ముందుకి వంగారు. కాని ఆమె అతన్ని నడవాలో ముందుకి నడిపించుకెళ్ళి, క్యాబిన్ అద్దం వెనకే ఉన్న మొదటి సీటులో కుదేసింది.

“ఇక్కడ కూచో. నాకు అద్దంలో కనబడాలి,” అంది. అప్పుడు పెట్టుకుంది ముద్దు, చెంప మీద, గబుక్కున, గ్రీజు వాసనతో. పెట్టి వానలోకి దిగిపోయింది.

వెనక నుంచి ఎల్సీ, బండి సముద్రం దాకా పోతుందా అని అడిగింది. ఈ రోజుకి ఈ కొండ దాకానే అని ఆర్నల్డ్ చెప్పబోయి, ఆమె మొహం చూసి, డీజిల్ ఉన్నంత దూరం పోతుందని మాట మార్చాడు. టోపీ పెట్టుకుని గంట రెండుసార్లు కొట్టాడు.

క్యాబిన్‌లో బ్రయోనీ తల పైనున్న చిన్న అద్దం సర్దుకుంది. అందులో ఐవర్ కళ్ళు ఆమె కళ్ళకి ఎదురుపడ్డాయి. ఆమె నవ్వింది, అతను నవ్వాడు, ఈసారి ఎవరికీ దాచకుండా. అదే సమయంలో ఆమె గేరు మార్చింది.

పళ్ళు కొరుక్కున్న చప్పుడుకి కొండ మీద గొర్రెలన్నీ తలెత్తి చూశాయి. ఆర్నల్డ్ బాధగా కళ్ళు మూసుకున్నాడు. నాలుగో సీటులో ముసలమ్మ మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. ఆ రోజు మొత్తంలో బ్రయోనీ గాంట్‌కి తప్పిన గేరు అదొక్కటే.